ఒంట్లోని పహాణీని పిల్లలే చదివితే...

గుంటెడు భూమి ఉన్న ఇంట్లో ఎవరినడిగినా పహాణీ అంటే ఏమిటో చెప్పేస్తారు. మోమిన్‌పేట్ అయినా, మర్పల్లి అయినా, తాండూరు అయినా అంతే. అసలు రికార్డు ఆఫీసు బీరువా దాటి బయటకు రాదు. కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ళ సర్వే నంబరు వరకే నకలు రాసిచ్చేవారు. నిజాం కాలం నాటి కాగితమైతే అది ఉర్దూలో ఉండేది. చదివి తెలుగులో చెప్పగల మనిషిని వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి గానీ... అసలు, నకలు, అనువాదం అనే ఈ మూడు మెట్లూ బడి మొహం చూడని తాతకు కూడా తెలిసినవే.

ఆ తాత మనవరాలు ఇంటర్ బైపీసీలో చేరుతుంది. వృక్షశాస్త్రం పుస్తకంలో 'ప్రొటీన్ సంశ్లేషణ' పాఠం తెరుస్తుంది. అనులేఖనం, అనువాదం, కోడాన్, యాంటీకోడాన్, రైబోజోము... పేజీ తిప్పేలోపే తల తిరుగుతుంది. చిత్రమేమిటంటే ఆ పాఠం చెప్పేది కూడా అసలు, నకలు, అనువాదం గురించే! తాతకు తెలిసిన సంగతే మనవరాలికి కొరుకుడు పడటం లేదంటే లోపం పాఠంలో ఉందా, చెప్పే తీరులో ఉందా?

చెప్పే తీరులోనే ఉందంటారు ఒక పద్ధతిని నమ్మిన అధ్యాపకులు. పిల్లల్ని నలుగురేసి చొప్పున కూర్చోబెట్టి, సరైన కాగితం చేతికిచ్చి, సరైన ప్రశ్న అడిగితే చాలు... ఈ పాఠాన్ని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టేస్తారన్నది వారి మాట. ఇందుకు ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. కాగితం ముక్కలు, పెన్నులు, ఓపికున్న మాస్టారు ఉంటే సరిపోతుంది.

పప్పు ఎటు పోతుంది?

ముందు పాఠం సంగతి చూద్దాం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ప్రాంతం వాళ్ళకు కందిపప్పు గొప్పతనం వేరే చెప్పనక్కర్లేదు. వంద గ్రాముల పప్పులో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అయితే అది కందిమొక్క తనకోసం తయారు చేసుకున్న ప్రొటీన్. పిల్లాడు పప్పన్నం తిన్నంత మాత్రాన అది అలాగే వెళ్ళి వాడి కండలో అతుక్కోదు. పొట్టలో, పేగుల్లో ఆ ప్రొటీన్ విడిపోయి ఆమైనో ఆమ్లాలవుతుంది. పూసలదండ తెగి పూసలు రాలినట్టన్నమాట. ఆ పూసలు రక్తంలో కలిసి కణాలకు చేరతాయి. ప్రతి కణం వాటిని తనకు కావలసిన వరుసలో మళ్ళీ గుచ్చుకుంటుంది.

పూసల్లో ఉండేవి 20 రకాలే. వరుస మారితే వస్తువు మారిపోతుంది. ఒక వరుసలో గుచ్చితే వెంట్రుకలోని కెరటిన్, ఇంకో వరుసలో గుచ్చితే రక్తంలోని హీమోగ్లోబిన్, మరో వరుసలో 51 పూసలు గుచ్చితే ఇన్సులిన్. మనిషి శరీరంలో ఇలాంటి ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు దాదాపు 20 వేలున్నాయి. మరి ఏ వరుసలో గుచ్చాలో కణానికి ఎవరు చెబుతారు?

అదే డీఎన్ఏ. ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాలతో రాసిన అసలు రికార్డు. కేంద్రకమనే బీరువాలోంచి అది బయటకు రాదు. కావలసిన భాగానికి మాత్రం నకలు తయారవుతుంది. ఆ నకలే మెసెంజర్ ఆర్ఎన్ఏ. నకలు తీసేటప్పుడు 'టి' ఉండాల్సినచోట 'యు' పడుతుంది, అంతే తేడా. పుస్తకంలో దీన్నే అనులేఖనం అన్నారు. నకలు బయటకొచ్చి రైబోజోము దగ్గరకు చేరుతుంది. అక్కడ నాలుగక్షరాల భాష 20 పూసల భాషలోకి మారుతుంది. అది అనువాదం. రెండు భాషలూ తెలిసిన దుబాసీలా ఒక్కో పూసను మోసుకొచ్చి, సరైన మాట దగ్గర అందించేది మరో ఆర్ఎన్ఏ. దాని పేరు ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ.

నోటికొస్తుంది... మరి అర్థం?

ఇంతే పాఠం. కానీ తరగతిలో ఇది వచ్చే తీరు వేరు. మొదట నిర్వచనాలు, తర్వాత బొమ్మ, ఆ తర్వాత ఎంజైముల పేర్లు, చివర్లో ముఖ్యమైన ప్రశ్నలు. పిల్లలు కంఠతా పట్టేస్తారు. 'కోడాన్ అంటే మూడు న్యూక్లియోటైడ్ల వరుస' అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 'మూడే ఎందుకు? రెండు ఎందుకు కాకూడదు?' అని అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు.

తెలుగు మీడియంలో పదోతరగతి దాటి ఇంటర్‌లో ఇంగ్లిషు మీడియంలో చేరిన పిల్లల అవస్థ మరీ ఘోరం. సంగతి అర్థం కాకముందే పేర్ల దెబ్బ తగులుతుంది. వికారాబాద్ జిల్లా పల్లెల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలున్నారు, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, తాండూరు వైపు వెళితే కన్నడం కలిసిపోయిన ఇళ్ళున్నాయి. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం వీళ్ళకు రోజూ ఉన్న పనే. అలాంటి పిల్లలకు 'అనువాదం' అనే పాఠం బరువు కావడమే విడ్డూరం.

ఇందులో పోయేది మార్కులే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. కానీ నర్సింగ్‌కు వెళ్ళినా, వ్యవసాయ డిగ్రీకి వెళ్ళినా, ఎంబీబీఎస్‌కు వెళ్ళినా ముందు ముందు ప్రతి పాఠానికీ ఇదే పునాది. ఇక్కడ 'మనకు సైన్సు రాదులే' అనుకున్న పిల్ల ఆ మాటను జీవితాంతం మోస్తుంది.

చెప్పకుండా చెప్పడం

అమెరికాలోని బర్కిలీలో భౌతికశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ కార్‌ప్లస్ 1960లలో చిన్న పిల్లలకు సైన్సు ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నాడు. చివరికి మూడు మెట్ల దారి పట్టాడు. మొదట పిల్లలు చూడాలి, కెలకాలి. తర్వాత అందులో దాగున్న సూత్రాన్ని పట్టుకోవాలి. ఆపైన దాన్ని కొత్తచోట వాడి చూడాలి. పేరు పెట్టడం రెండో మెట్టు దగ్గరే... అంతకుముందు కాదు.

ఈ దారినే 1990లలో పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీ రసాయనశాస్త్ర అధ్యాపకులు జట్టుపనితో కలిపారు. అదే 'పోగిల్'గా పేరు పొందింది. కెమిస్ట్రీలో మొదలై జీవశాస్త్రానికీ పాకింది. పద్ధతి చాలా సులువు. జట్టుకు నలుగురు. ఒకరు జట్టును నడిపిస్తారు. గడియారం చూసుకోవడం, అందరిచేతా మాట్లాడించడం వారి పని. ఒకరు రాస్తారు. ఒకరు జట్టు తరఫున లేచి చెబుతారు. నాలుగోవారు జట్టు ఎలా పనిచేస్తోందో గమనిస్తారు... ఎవరు మాట్లాడటం లేదు, ఎక్కడ ఆగిపోయారు అని. మర్నాడు ఈ పనులు చేతులు మారతాయి. ఇక మాస్టారు? బల్లల మధ్య తిరుగుతుంటారు. జవాబు చెప్పరు. ఇంకో ప్రశ్న అడుగుతారు!

మన దేశానికి ఇది కొత్తేం కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఇలాంటి సైన్సు చదువే మొదలైంది. పిల్లలు జట్లుగా కూర్చుని, ప్రయోగం చేసి, చర్చించి, జవాబు తామే రాసుకునేవారు. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని ముందుకు తీసుకెళ్ళింది. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా మూడు దశాబ్దాలు మామూలు సర్కారు బడుల్లో, మామూలు ఉపాధ్యాయులతోనే అది నడిచింది.

నాలుగక్షరాల లెక్క

మోమిన్‌పేట్‌లోనో చుట్టుపక్కలో ఒక ఇంటర్ గదిని ఊహించుకోండి. బోర్డు మీద పాఠం పేరు కూడా ఉండదు. ప్రతి జట్టుకూ ఒక కాగితం అందుతుంది. దానిమీద రెండే సంగతులుంటాయి. రికార్డు భాషలో అక్షరాలు 4. పూసలు 20 రకాలు. ఒక్కో పూసకు కనీసం ఒక్క మాటైనా ఉండాలి. మాటకు ఎన్ని అక్షరాలుండాలి?

పిల్లలు కాగితం మీద గీతలు గీస్తారు. ఒక్కక్షరమే మాటైతే నాలుగు మాటలు. చాలవు. రెండక్షరాలైతే నాలుగు నాలుగుల పదహారు. ''గట్లైతే ఇంక నాలుగు పూసలకు మాటలే ఉండవు గద సార్!'' అంటుంది వెనక బల్ల. ''మరేం చేద్దాం బిడ్డా?'' అంటారు మాస్టారు. మూడక్షరాలైతే అరవై నాలుగు. సరిపోతాయి, ఇంకా మిగులుతాయి కూడా! 'మిగిలినవాటిని ఏం చేస్తారు?' అన్నది కాగితంలో తర్వాతి ప్రశ్న. ఒక్కో పూసకు రెండు మూడు మాటలుండొచ్చు అని ఒక జట్టు, కొన్ని మాటలకు అర్థమే లేదేమో అని ఇంకో జట్టు. రెండూ నిజానికి దగ్గరగా ఉన్న జవాబులే.

ఆ పిల్లలు వేసిన లెక్కనే 1954లో భౌతికశాస్త్రవేత్త జార్జి గామో వేశాడు. కనీసం మూడక్షరాలుండాలని ఆయనా అలాగే తేల్చాడు. ఈ ముక్కను మాస్టారు ముందే చెబితే అదొక చరిత్ర పాఠం. లెక్క తేలాక చెబితే పిల్లల వెన్ను నిటారుగా లేస్తుంది.

పట్వారీ కొడుకు పరీక్ష

లెక్క లెక్కే. మూడక్షరాలే అని రుజువేది? ఇక్కడే అసలైన కాగితం బయటకొస్తుంది.

పంజాబ్‌లోని ముల్తాన్ జిల్లాలో (ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది) రాయ్‌పూర్ అని చిన్న ఊరు. గడపలెన్నో లేవు, జనం వందమంది దాకా. చదువొచ్చిన కుటుంబం దాదాపుగా ఒక్కటే. ఆ ఇంటి పెద్ద బ్రిటిష్ సర్కారులో పట్వారీ. ఊరి భూముల లెక్కలు రాయడం ఆయన పని. పేదరికమున్నా పిల్లల్ని చదివించాలని పట్టుబట్టాడు. ఆ పట్వారీ కొడుకే హరగోవింద్ ఖొరానా. 1968లో మార్షల్ నీరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీలతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. తండ్రి ఊరి భూముల రికార్డు రాస్తే, కొడుకు ఒంట్లోని రికార్డు ఎలా చదవాలో చెప్పాడు!

ఖొరానా తెలివంతా ఆయన తయారు చేసుకున్న 'నకలు'లో ఉంది. అక్షరాల వరుస తనకు ముందే తెలిసేలా ఆర్ఎన్ఏను తయారు చేయించాడు. ఉదాహరణకు యు-సి-యు-సి-యు-సి-యు-సి... అలా పోతూనే ఉంటుంది. దాన్ని కణాల రసంలో వేస్తే వచ్చిన గొలుసులో రెండు పూసలే. సెరీన్, ల్యూసీన్, సెరీన్, ల్యూసీన్... ఒకటి విడిచి ఒకటి.

పిల్లల చేతిలోని రెండో కాగితం మీద ఉండేది ఈ ఫలితమే. కింద ప్రశ్న: 'రెండేసి అక్షరాలు చదివితే గొలుసు ఎలా ఉండాలి? మూడేసి చదివితే ఎలా ఉండాలి?' జట్టులో ఒకరు గీతలు పెట్టి విడగొడతారు. రెండేసి అయితే యుసి, యుసి, యుసి. మాట ఒక్కటే, కాబట్టి పూసా ఒక్కటే రావాలి. మూడేసి అయితే యుసియు, సియుసి, యుసియు, సియుసి. రెండు మాటలు మార్చి మార్చి వస్తాయి. పూసలు కూడా అలాగే వచ్చాయి! అంటే రెండు కాదు. మూడు సరిపోయింది. చురుకైన పిల్ల ఎవరైనా ''ఐదైనా ఇట్లనే వస్తది గద సార్'' అనవచ్చు. నిజమే, ఐదైనా అలాగే వస్తుంది. అప్పుడు మాస్టారు కంగారు పడకుండా మూడో కాగితం తీయాలి.

దానిమీద యు-యు-సి, యు-యు-సి అంటూ సాగే వరుస ఉంటుంది. ఈసారి ఒకే గొలుసు రాలేదు, మూడు వేరు వేరు గొలుసులొచ్చాయి. ఒకదాంట్లో అన్నీ ఫినైల్‌అలనీన్లు, ఇంకోదాంట్లో అన్నీ సెరీన్లు, మరోదాంట్లో అన్నీ ల్యూసీన్లు. ఐదేసి చదివితే ఒక్కో గొలుసులో మూడు రకాల పూసలు వరసగా కలిసి రావాలి. అలా రాలేదు. మూడేసి చదివినప్పుడే ఒక్కో గొలుసులో ఒకే పూస వస్తుంది. మరి మూడు గొలుసులెందుకు? మొదటి అక్షరం నుంచి చదవడం మొదలెడితే యుయుసి. రెండోదాన్నుంచైతే యుసియు. మూడోదాన్నుంచైతే సియుయు. ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుందన్నమాట! పుస్తకంలో రెండు పేజీల వివరణ చేయలేని పని మూడు గీతలు చేసేస్తాయి.

ఒక్కరి వల్ల కాలేదు

ఈ గుట్టు విప్పడం ఖొరానా ఒక్కడి వల్ల అయింది కాదు. 1961 మే 27 తెల్లవారుజామున అమెరికాలోని బెథెస్డాలో నీరెన్‌బర్గ్ దగ్గర పనిచేస్తున్న జర్మన్ యువకుడు హైన్రిచ్ మథాయ్ ఒంటరిగా ప్రయోగం చేస్తున్నాడు. అన్నీ 'యు'లే ఉన్న ఆర్ఎన్ఏను కణాల రసంలో కలిపాడు. ఫినైల్‌అలనీన్ గొలుసు తయారైంది. మొట్టమొదటి మాటకు అర్థం దొరికిందలాగే. ఆ ఆగస్టులో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ సభలో నీరెన్‌బర్గ్ ఈ సంగతి చెబితే విన్నవాళ్ళు కొద్దిమందే. ఫ్రాన్సిస్ క్రిక్ చెవిన పడి, పెద్ద సభలో మళ్ళీ చెప్పించాడు. అప్పుడు గానీ ప్రపంచం ఉలిక్కిపడలేదు. మాట మూడక్షరాలదని క్రిక్, బ్రెన్నర్ బృందం అదే ఏడాది వేరే దారిలో చూపించింది. దుబాసీ పని చేసే ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ ఒకదాని అక్షరాల వరుసను 1965లో హోలీ బృందం బయటపెట్టింది. 1966 నాటికి 64 మాటల పట్టిక పూర్తయింది. 61 మాటలకు పూసలున్నాయి. మిగిలిన మూడూ 'ఇక ఆపు' అని చెప్పేవి.

ఒకరు లెక్క వేశారు, ఒకరు ప్రయోగం చేశారు, ఒకరు నకలు తయారు చేశారు, ఒకరు నలుగురికీ వినిపించారు. తరగతిలో నలుగురికి నాలుగు పనులు అప్పగించడం వెనకున్న ఆలోచన కూడా ఇదే.

పలక పడకైతే...

మూడో మెట్టు, వాడి చూడటం. కాగితం మీద మూడు మాటలు. 'కలము పలక చదువు'. ప్రతి మాటా మూడక్షరాలే. పలకలోని 'ల' తీసి 'డ' పెట్టమంటారు మాస్టారు. 'కలము పడక చదువు'! తరగతి ఘొల్లుమంటుంది. ఒక్కక్షరం మారితే ఒక్క మాటే మారింది. ఈసారి మొదటి మాటలోని 'ల'ను తీసేసి, మిగిలినవాటిని మళ్ళీ మూడేసి చదవమంటారు. 'కముప లకచ దువు'. అంతా గందరగోళం! అక్షరం మారడానికీ, అక్షరం రాలిపోవడానికీ తేడా ఏమిటో ఇక వివరించనక్కర్లేదు.

నవ్వులాగానే అసలు కబురొస్తుంది. హీమోగ్లోబిన్‌లో ఒక గొలుసుకు 146 పూసలు. దాని నకలులో ఆరో పూస దగ్గర జిఎజి ఉండాలి. మధ్య అక్షరం మారి జియుజి అయితే గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది. 146లో ఒకే ఒక్క పూస. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ తప్పు అక్షరమే బిడ్డకు వస్తే ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అదే సికిల్ సెల్ రక్తహీనత. ఆదిలాబాద్, భద్రాచలం వైపు గిరిజన కుటుంబాలు ఈ నొప్పిని ఎరుగుదురు. 2047 నాటికి దీన్ని లేకుండా చేయాలని 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. రక్తపరీక్ష ఎందుకో, పెళ్ళికి ముందే ఆ కార్డు చూసుకోమని ఎందుకు చెబుతారో గూడెంలో అర్థమయ్యేలా చెప్పగలిగేది ఈ పాఠం నిజంగా తెలిసిన పిల్లే.

దగ్గర్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. వికారాబాద్ అనగానే పాతతరానికి గుర్తొచ్చేది అనంతగిరి కొండ మీది టీబీ ఆసుపత్రి. టీబీ మీద గెలిచిన మొదటి మందుల్లో ఒకటి స్ట్రెప్టోమైసిన్. 1943లో దొరికింది. అది చేసే పని... సూక్ష్మజీవి రైబోజోముకు అతుక్కుని, నకలును తప్పుగా చదివించడం! సూక్ష్మజీవి తనకు కావలసిన ప్రొటీన్లు సరిగా చేసుకోలేక చస్తుంది. రైబోజోము నిర్మాణం తేల్చి 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్. ఇలాంటి మందులు రైబోజోముకు ఎక్కడ అతుక్కుంటాయో ఆయన బృందం 2000లో చూపించింది. 'మరి రోగి రైబోజోములు ఎందుకు ఆగిపోలేదు?' అన్నది జట్లకు ప్రశ్న. మనిషి కణంలోని రైబోజోము నిర్మాణం కాస్త వేరని పిల్లలు ఊహించగలిగితే మాస్టారి కష్టం ఫలించినట్టే.

మూడోది హైదరాబాద్ ఉదాహరణ. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. జన్యువును మార్చే పద్ధతిలో మన దేశంలోనే తయారైన మొదటి టీకా అది. వైరస్ పైపొర ప్రొటీన్‌కు సంబంధించిన రాతను ఈస్ట్ కణంలో పెడితే, ఈస్ట్ ఆ ప్రొటీన్‌ను తయారు చేసి పెట్టింది. 'వైరస్ రాసిన రాత ఈస్ట్‌కు ఎలా అర్థమైంది?' అనడిగితే ఏదో ఒక జట్టు ''అందరి భాషా ఒకటే కావచ్చు సార్'' అంటుంది. నిజమే. కొద్దిపాటి తేడాలు తప్ప కందిమొక్క, ఈస్ట్, మనిషి... అందరిదీ ఒకటే పట్టిక.

ఊరికే వదిలేస్తే రాదు

ఇదంతా విని 'అయితే మాస్టారికి పనేముంది?' అనుకుంటే పొరపాటే. పిల్లల్ని ఊరికే వదిలేస్తే గంటలో సగం గాలి కబుర్లకే పోతుంది. దారి చూపకుండా పిల్లల్నే కనుక్కోమనడం వృథా అని పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకులు 2006లో గట్టిగానే వాదించారు. కొత్త విషయం ముందు అనుభవం లేని బుర్ర మోయగలిగే బరువు కొంతే మరి. అందుకే ఈ పద్ధతి పేరులోనే 'దారి చూపడం' ఉంది. ప్రశ్నల వరుస ముందే రాసుండాలి. ఒక్కో ప్రశ్నా తర్వాతిదానికి మెట్టు కావాలి. అసలు కష్టమంతా మాస్టారు ముందురోజు రాత్రి పడేదే!

చిక్కులు ఇంకా ఉన్నాయి. అరవైమంది ఉన్న గదిలో పదిహేను జట్లు. గోల తప్పదు. తెలివైన పిల్లాడు జట్టుపని అంతా తనే చేసేస్తాడు, మిగతా ముగ్గురూ చూసి రాసుకుంటారు. పనులు రోజూ చేతులు మార్చడం, ఎవరిని లేపి అడుగుతారో ముందు చెప్పకపోవడం దీనికి మందు. అన్నిటికన్నా పెద్ద భయం సిలబస్ పూర్తికాదేమోనని. ఒక పీరియడ్‌లో చెప్పేసే పాఠానికి ఇక్కడ మూడు నాలుగు పడతాయి. అన్ని పాఠాలకూ ఇలా చేయడం కుదరదు. ఎంజైముల పేర్లు ఎలాగూ కంఠతా పట్టాల్సిందే, నీట్‌లో అడుగుతారు కాబట్టి. కానీ పునాది లాంటి పాఠాలు ఏడాదికి నాలుగైదు ఉంటాయి. వాటికైనా ఈ సమయం పెట్టవచ్చు.

పెడితే ఫలితముంటుందా? వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో లెక్క తీసింది. అవన్నీ సైన్సు, ఇంజినీరింగ్, గణితం చెప్పే కాలేజీ తరగతులు. ఉపన్యాసం విని రాసుకునే తరగతుల్లో వందకు దాదాపు 34 మంది తప్పితే, పిల్లలు చేత్తోనో నోటితోనో పాల్గొనే తరగతుల్లో తప్పినవాళ్ళు 22 మందే. ఆ లెక్క అక్కడి కాలేజీలది, ఒక్క పోగిల్‌దే కూడా కాదు. అయినా వందలో పన్నెండుమంది పిల్లలంటే ఏ ఊళ్ళోనైనా చిన్న సంఖ్య కాదు.

ఇంట్లోవాళ్ళేం చేయాలి?

ప్రొటీన్ల గురించి అమ్మానాన్నలకు తెలియనక్కర్లేదు. బడి నుంచి వచ్చిన పిల్లల్ని 'ఇవాళ ఏం చెప్పారు?' అని అడగడం మామూలే. దానికి బదులు 'ఇవాళ మీ జట్టు ఏ ప్రశ్న దగ్గర ఆగింది?' అని అడిగి చూడండి. వాళ్ళు వివరించడం మొదలుపెడతారు. మధ్యలో ఒకచోట తడబడతారు. వాళ్ళకు తెలియనిది సరిగ్గా అక్కడే ఉంది. 'జట్టులో కూర్చుని మా పిల్ల మార్కులు పోగొట్టుకుంటోంది' అని మాస్టారితో అనేముందు ఆ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. కొట్టివేతలు ఎక్కువుంటే దిగులు పడొద్దు. ఆలోచించిన గుర్తులవి.

ఆదివారం కదా... ఇంటిల్లిపాదికీ ఒక చిన్న లెక్క. ఖొరానా ప్రయోగాల్లో మరో వరుస జి-యు-ఎ, జి-యు-ఎ అంటూ సాగింది. యు-యు-సి లాగే దీన్నుంచి కూడా మూడు గొలుసులు రావాలి కదా? రెండే వచ్చాయి. ఒకటి అంతా వాలీన్లు, ఇంకోటి అంతా సెరీన్లు. మూడో గొలుసు ఏమైంది? కాగితం తీసుకుని మూడు చోట్ల నుంచీ చదవడం మొదలుపెట్టండి. జవాబు పైన ఎక్కడో ఉంది, ఒక్కటే ఆధారం: 64 మాటల్లో మూడింటి పని వేరు!